అద్దం మీద బరువు పెట్టే ముందు

చిరంజీవి కన్నాకి,

అమ్మ దీవెనలు. నువ్వు పంపిన యాట్ (విలాసపు పడవ) డ్రాయింగ్ రెండుసార్లు చూశాను. సెలూన్‌లో, అంటే పడవలో కూర్చునే హాల్లో, స్టీలు స్తంభాలన్నీ తీసేసి, పై డెక్‌ని (పై అంతస్తుని) అద్దాల గోడల మీదే నిలబెట్టావు. కూర్చున్నవాళ్లకీ సముద్రానికీ మధ్య ఏ అడ్డూ ఉండకూడదన్న నీ పట్టుదల నాకు నచ్చింది. స్టీవ్ జాబ్స్ కోసం ఫీడ్‌షిప్ కంపెనీ కట్టిన వీనస్ అనే యాట్ 2012లోనే నీళ్లలోకి దిగింది. దాని గోడల్లో ఎంత అద్దం ఉందో ఫొటోల్లో చూసే ఉంటావు.

అద్దం బలహీనమని భయపడకు. వంగకుండా నిలవడంలో అల్యూమినియంకి ఏమీ తీసిపోదు, రెండింటి మాడ్యులస్ (ఆ బిగువు కొలత) 70 గిగాపాస్కల్స్ దగ్గరే. తేడా అంతా విరిగే తీరులో ఉంది. బరువు ఎక్కువైతే స్టీలు ముందు సాగుతుంది, వంగుతుంది, జాగ్రత్తపడే టైమిస్తుంది. అద్దం చెప్పాపెట్టకుండా పగులుతుంది. అంచు కోసినప్పుడు మిగిలిన కంటికి ఆనని గీత చాలు దానికి.

అందుకే అద్దాన్ని కరిగిన పొటాషియం నైట్రేట్‌లో, 400 డిగ్రీల వేడిలో గంటల తరబడి ఉంచుతారు. పైపొరలోని సోడియం అయాన్లు పోయి, వాటికంటే పెద్దవైన పొటాషియం అయాన్లు వచ్చి చేరతాయి. కిక్కిరిసిన బస్సులో సన్నవాళ్లు దిగి లావువాళ్లు ఎక్కినట్టు. పైపొర అలా ఒత్తుకుని ఉంటే గీత తెరుచుకోదు. కానీ ఆ పొర మందం మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. అంతకంటే లోతుగా గీరుకుపోతే ఆ బలం పోయినట్టే.

కాబట్టి ఒక్క పలకని ఎప్పుడూ నమ్ముకోవద్దు. మూడు నాలుగు పలకలు కలిపి అతికించు. మధ్య పొరగా మామూలు పీవీబీ ప్లాస్టిక్ వద్దు, ఎండకి మెత్తబడుతుంది. సెంట్రీగ్లాస్ లాంటి గట్టి రకం వాడు. లెక్క వేసేటప్పుడు ఒక పలక అప్పటికే పగిలిపోయిందనుకునే వెయ్యి. మిగిలినవి డెక్‌ని మొయ్యాలి. మొయ్యలేకపోతే ఆ గోడని నేను స్ట్రక్చర్ అనను.

అసలు చిక్కు ఇంకోటుంది. అల పడవ మధ్య కిందికి వస్తే కొనలు రెండూ కిందికి వంగుతాయి, అలలు కొనల కిందికి చేరితే నడుము దిగుతుంది. ఆ వంపు సోకకుండా మామూలుగా అద్దాన్ని మెత్తటి జిగురు మీద వదులుగా ఉంచుతారు. నీ గోడ బరువు మొయ్యాలి కాబట్టి గట్టిగా పట్టుకోవాలి. గట్టిగా పట్టుకుంటే వంపూ దాని నెత్తినే పడుతుంది. దీనికి నీ డ్రాయింగ్‌లో జవాబు కనిపించలేదు. నేనైతే పొడుగు పలకని ముక్కలు చేసి, నిలువు బరువు మాత్రం దాని మీద వేసి, పక్క అంచులు మెత్తగా వదిలేస్తాను. లోహం ఎక్కడా నేరుగా అద్దానికి తగలకూడదు.

బరువు కూడా చూసుకో. మిల్లీమీటరు మందానికి చదరపు మీటరుకి 2.5 కిలోలు. నువ్వు గీసిన 4 మీటర్లు × 2.5 మీటర్ల పలక, 30 మిల్లీమీటర్ల మందంతో, 750 కిలోలు. అవి అన్నీ అంత ఎత్తున ఉంటే స్టెబిలిటీ లెక్క, అంటే పడవ బోల్తా పడకుండా నిలుస్తుందా అన్న లెక్క, మళ్లీ మొదటి నుంచి వెయ్యాల్సిందే.

ముందు అద్దాన్ని పట్టుకునే ఆ జాయింట్ సంగతి తేల్చు, సోఫాలూ రంగులూ తర్వాత. అంచు దగ్గర అడ్డుకోత బొమ్మని (సెక్షన్) పెద్దగా గీసి పంపు. ఆదివారం ఇద్దరం ఫోన్‌లో కూర్చుని లెక్కలు చూద్దాం.

ప్రేమతో,
అమ్మ