గ్యాస్ అన్న మాట పక్కకు పెట్టు బిడ్డా

నర్సంపేట

చిరంజీవి లావణ్యకు అమ్మ ఆశీస్సులు.

నిన్న ఫోన్ల "గ్యాసే అమ్మా, హన్మకొండల ఎండోస్కోపీ ఎక్కడ మంచిగ చేస్తరు" అని అడిగినవు. ముందుగాల వెతకాల్సింది కడుపు, పేగులు, కాలేయం చూసే గ్యాస్ట్రో డాక్టర్‌ను, పరీక్షను కాదు. ఎండోస్కోపీల నోట్లకెల్లి దించే గొట్టం అన్నవాహిక, జీర్ణాశయం, చిన్నపేగు మొదటి భాగం దాకానే చూస్తది. కాలేయం, పిత్తాశయం, పెద్దపేగు దానికి కనబడవు. పిత్తాశయంల రాళ్లు స్కానింగ్‌ల బయటపడ్తయి గని, జీర్ణాశయంల పుండు స్కానింగ్‌కు దొరుకుడు కష్టం. ఒక్క రిపోర్టు నార్మల్ వచ్చిందని కడుపంత నార్మల్ అనుకుంటే అక్కడనే మోసపోతం.

బోర్డు మీద "గ్యాస్ట్రో" అని రాసుంటే చాలదు, పేరు పక్కన అక్షరాలు చదువు. ఎండీ జనరల్ మెడిసిన్ అయినంక ఇంకో 3 ఏండ్లు చదివితే డీఎం గ్యాస్ట్రోఎంటరాలజీ. డీఆర్ఎన్‌బీ అని ఉన్నా అదే స్థాయి. మందులతోని, ఎండోస్కోపీతోని వైద్యం చేసేది ఈయన. ఎంఎస్ జనరల్ సర్జరీ మీద ఎంసీహెచ్ చేసినాయన సర్జికల్ గ్యాస్ట్రో, అంటే ఆపరేషన్లాయన. నీకు కావాల్సింది మొదటాయన. ఉత్త ఫెలోషిప్ అని ఉంటే అది డీఎం కాదు. అనుమానముంటే నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్‌ల డాక్టర్ పేరు కొట్టి చూడొచ్చు. మొలలకు, హెర్నియాకు ఇంత దూరం పోవుడెందుకు, జనరల్ సర్జన్ చాలు.

సర్కారు దవాఖాన అయితే వరంగల్‌ల కాకతీయ మెడికల్ కాలేజీ ఆవరణల సూపర్ స్పెషాలిటీ దవాఖాన ఉన్నది. గ్యాస్ట్రో ఓపీ ఏ రోజు ఉంటదో ముందుగాలనే అడిగి పో, లేకుంటే పొద్దంత పోతది. అక్కడ తేలనిది హైదరాబాద్ నిమ్స్‌కు పోతది, అక్కడ మందులోళ్లు, ఆపరేషనోళ్లు ఇద్దరూ ఉంటరు.

ఈ డాక్టర్ చూసేది ఉత్త పొట్టనే అనుకుంటరు మనోళ్లు. కామెర్లు, హెపటైటిస్ బి, కాలేయంల కొవ్వు, క్లోమం వాపు, పేగు పూత, ఏండ్లకేండ్ల మలబద్ధకం, అన్నీ ఆయన పనే. కామెర్లకు పసరు పోయించుకునేటోళ్లు మన దిక్కు ఇంకా ఉన్నరు. అసలే వాచిన కాలేయానికి ఏమున్నదో తెలువని మందు ఇంకో దెబ్బ. పరీక్షలన్నీ మంచిగనే ఉండి, కడుపుల మెలిపెట్టి, దొడ్డికి పోయొస్తే నొప్పి తగ్గుతుంటే అది ఐబీఎస్, అంటే పేగుల పనితీరు గడబిడయ్యే జబ్బు, కావచ్చు. చదువు పరీక్షలప్పుడు ఎక్కువైతది. "ఏం లేదు, టెన్షన్" అని కొట్టిపారేస్తే ఒప్పుకోకు, దానికీ మందులున్నయి.

పుండు అయితే కారాన్ని తిట్టకు. మన చపాటా మిర్చి చూడనీకే ఎర్రగ, కారం తక్కువనే. కారంతోని మంట పెరగొచ్చు గని, పుండ్లు ఎక్కువగ హెలికోబాక్టర్ పైలోరీ అనే క్రిమితోని, లేకుంటే డైక్లోఫెనాక్ లాంటి నొప్పి గోలీలతోని అయితయి. క్రిమి సంగతి 1982ల ఆస్ట్రేలియాల మార్షల్, వారెన్ బయటపెట్టిన్రు, 2005ల నోబెల్ వచ్చింది. నువ్వు మెడికల్ షాపుల కొని వేసుకుంటున్న పాంటాప్రజోల్, ఆ కడుపుల ఆమ్లం తగ్గించే గోలీ, ఇక్కడ చిక్కు తెస్తది. అది వాడుతుంటే క్రిమి అణిగి, ఉన్నా లేదని రిపోర్టు వస్తది. పరీక్షకు 2 వారాల ముందు ఆపాలె, యాంటీబయాటిక్ అయితే 4 వారాలు. ఆపుడు మాత్రం డాక్టర్‌ను అడిగినంకనే. ఇంకోటి, ఆ గోలీ తిన్నంక కాదు, తినే అరగంట ముందు వేసుకోవాలె. చానామంది ఉల్టా వేసుకొని పనిచేస్తలేదంటరు.

పోయేముందు వారం రోజులు ఒక కాగితం మీద రాసుకో. నొప్పి తిన్నంక వస్తదా, కాలి కడుపుకా, రాత్రి నిద్రలనుంచి లేపుతదా, దొడ్డి రంగేంది, బరువు తగ్గినవా, ఏయే గోలీలు మింగినవు. నెలసరి నొప్పికి వేసుకున్నది గూడ రాయాలె. ఐరన్ గోలీలు వాడితే దొడ్డి నల్లగైతది, అది చెప్పకుంటే రక్తం పోతుందనుకుంటరు.

తారు లెక్క నల్లగ, జిగటగ, గబ్బు వాసనతోని దొడ్డికొచ్చినా, నెత్తురు వాంతి అయినా ఓపీ కోసం ఆగకు, రాత్రయినా వరంగల్ ఎంజీఎం దవాఖాన క్యాజువాలిటీకి పో. మీ బాపుకు ఛాతిల మంటతోని చెమటలు పడితే గ్యాస్ అనొద్దు, ముందు ఈసీజీ తీయించాలె. ముద్ద దిగకపోవుడు, బరువు తగ్గుడు, రక్తం తక్కువుండుడు, ఇవి ఉంటే వారంల చూపించుకో.

ఎండోస్కోపీ రాసిస్తే 8 గంటలు ఏమీ తినొద్దు. పెద్దపేగుకు కొలనోస్కోపీ అయితే పని ఎక్కువ. 3 రోజుల ముందు నుంచి జొన్న రొట్టె, ఆకుకూర, జామకాయ బంద్. ఐరన్ గోలీ వారం ముందే ఆపాలె. పేగు కడిగే పొడిని వాళ్లు చెప్పినన్ని నీళ్లల్ల కలిపి, చెప్పిన టైముకు మొత్తం తాగాలె. వాసనకు సగమే తాగితే పేగు శుభ్రం కాక మళ్ల చెయ్యాల్సొస్తది, పైసలూ మళ్ల కట్టాలె. మత్తు సూది ఇస్తే ఆ రోజు బండి నడపొద్దు, ఒక్కదానివే రూముకు పోవద్దు.

తారీఖు చెప్పు, ఆ రోజు పొద్దుగాల మొదటి బస్సుకు నేనొస్త.

అమ్మ