ఈ ఏడాదంతా పగిలిన గాజులే: మన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. ఉగాది, వనభోజనాలు ఎప్పట్లాగే బాగా జరిగాయి, లెక్కలు కోశాధికారి గారు మీటింగ్‌లో చదువుతారు కాబట్టి వాటి జోలికి పోను. ఈసారి చెప్పాల్సిందంతా మనం చేసిన గంగిరెద్దు బొమ్మ గురించే.

చండీగఢ్‌లో ఇన్నేళ్ళున్నాం, చుట్టాలొస్తే రాక్ గార్డెన్‌కి తీసుకెళ్ళి ఫోటోలు తీయడమే తప్ప మనం దాన్ని సరిగ్గా చూసింది లేదు. అక్టోబర్‌లో పిల్లలతో వెళ్ళాం. పారేసిన సామాన్లతో చేసిన బొమ్మల తోట అది. దాన్ని నేక్ చంద్ గారు రోడ్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేస్తూ 1957లో మొదలుపెట్టి, కొత్త సిటీ కోసం కూల్చేసిన ఊళ్ళ శిథిలాలు సైకిల్ మీద తెచ్చుకుని అడవిలో గుట్టుగా బొమ్మలు చేసుకుంటూ పోతే 1975 దాకా ఆఫీసర్ల కంట పడలేదు, సర్కారు స్థలం కాబట్టి కూల్చేద్దామనుకున్నారు గానీ జనం ఊరుకోలేదు, 1976లో గేట్లు తెరిచారు. పిల్లలకి ఇదేం పట్టలేదు. పగిలిన చేతి గాజుల ముక్కలతో చేసిన ఆడబొమ్మల దగ్గరే ఆగిపోయి, సంక్రాంతికి గంగిరెద్దు చేద్దామని పట్టుబట్టారు.

కొమ్ములకి పాత సైకిల్ హ్యాండిల్, మూపురానికి కొబ్బరిచిప్ప, మెడలో గంటకి కుక్కర్ విజిల్, తోకకి కొబ్బరిపీచు. హ్యాండిల్ ఐడియా మనదేనని మురిసిపోయాం, పికాసో 1942లోనే సైకిల్ సీటుతో తల, హ్యాండిల్‌తో కొమ్ములు పెట్టి ఎద్దు తల చేసేశాడని ఒకాయన చెప్పి మా గాలి తీసేశారు.

ఒళ్ళు మాత్రం ఏడిపించింది. ఇనప జాలీ మీద సిమెంట్ మెత్తి గాజు ముక్కలు అతికించాం, పొద్దున చూస్తే సగం కింద! తప్పు నాదే, ఒకేసారి ఒళ్ళంతా మెత్తించాను, చివరికి వెళ్ళేసరికి మొదట్లో మెత్తింది పైపైన బిగుసుకుపోయింది. పైగా ముక్కల్ని పడుకోబెట్టి అతికించాం, నున్నటి గాజుని సిమెంట్ పట్టుకోలేదు. రెండోసారి అరచేయంత మెత్తుకుంటూ ముక్కని నిలబెట్టి సగం దాకా గుచ్చాం. జనవరి పొగమంచులో సిమెంట్ తొందరగా గట్టిపడదు కదా, రాత్రిళ్ళు దుప్పటి కప్పాం. ఎద్దుకి దుప్పటి కప్పిన సంఘం మనదే అనుకుంటా.

భోగి రోజు నిలబెట్టాం. ఎడమ కాలు కొంచెం పొట్టి, కింద ఇటుక ముక్క పెట్టాం, దగ్గరికెళ్తే గానీ తెలీదు.

ఒక్క మనవి. ఇప్పుడు అందరూ పగిలిన కప్పులు, గాజులు తెచ్చి మా బాల్కనీలో పెట్టి వెళ్తున్నారు, మా ఆవిడ బట్టలారేసుకోడానికి చోటు లేదు. గాజులు చాలు. వచ్చే ఏడు హరిదాసు చేయాలి, అక్షయపాత్రకి సొట్టపడ్డ ఇత్తడి చెంబు ఎవరిదగ్గరైనా ఉంటే చెప్పండి.

ఇట్లు, కార్యదర్శి