నువ్వు విన్నది హెలికాప్టర్ కాదు మామా

తిరుపతి,
ఆదివారం రాత్రి

ఒరే మామా,

మొన్న ఫోన్లో "ఏంట్రా, మీ మిద్దె మీద హెలికాప్టర్ దిగుతోందా" అని నవ్వావే, అది మా వాషింగ్ మిషన్. అప్పుడు చెప్పడానికి కుదరలేదు, పక్కనే మీ చెల్లెలు ఉంది, పది రోజులుగా మా ఇంట్లో దాని మాట ఎత్తితే చాలు గొడవే. ఇప్పుడు అందరూ పడుకున్నారు కాబట్టి తీరిగ్గా రాస్తున్నా. కొంచెం పెద్దదవుతుంది, ఓపిగ్గా చదువు, ఎందుకంటే నువ్వూ మాతోపాటే కొన్నావు కదా, రేపో మాపో నీ ఇంట్లోనూ హెలికాప్టర్ దిగుతుంది.

మాది 2016లో కొన్న 7 కిలోల ఫ్రంట్ లోడ్, అదే తలుపు ముందుండేది. పాప పుట్టిన ఏడు కాబట్టి బాగా గుర్తు. 27 వేలు పెట్టానని అప్పుడు నాన్న నెల రోజులు మొహం మాడ్చుకున్నాడు. తిరుపతిలో సొంతిల్లు ఉంటే మిషన్‌కి ఎంత చాకిరీ ఉంటుందో నీకు తెలియంది కాదు. నెలకి రెండు బ్యాచ్‌లు దర్శనానికని దిగుతారు, దుప్పట్లు, తువ్వాళ్లు, దిండు గలీబులు. గుండు కొట్టించుకుని చందనం పూసుకుని వచ్చి పడుకుంటారు, పొద్దున లేచేసరికి గలీబులన్నీ పసుపు పచ్చన. ఆ చందనమంతా తొమ్మిదేళ్లకు పైగా ఉతికి ఉతికి ఇచ్చింది పాపం, ఒక్క రోజు మొరాయించలేదు.

సౌండు గంగమ్మ జాతర రోజుల్లో మొదలైంది. ఉతికేటప్పుడు ఏమీ ఉండదు, చివర్లో నీళ్లు పిండే స్పిన్ అందుకున్నాకే గర్రుమంటుంది. నిమిషానికి 1200 చుట్లు తిరగాలి కదా, ఆ వేగం వచ్చేసరికి మా అమ్మ పూజ గదిలోంచి "ఆపండ్రా దాన్ని" అని అరిచేది. మేము మామూలే అనుకుని వదిలేశాం. తర్వాత పాప స్కూలు తెల్ల చొక్కా మీద గోధుమ రంగు గ్రీజు మరకలు కనిపించాయి, మిషన్ కింద నీటి చుక్కలు కూడా. అప్పుడు భయపడ్డాను.

కంపెనీ సర్వీసుకి ఫోన్ చేస్తే మూడో రోజు ఒక కుర్రాడొచ్చాడు. తలుపు తీశాడు, డ్రమ్ము చేత్తో ఒకసారి తిప్పాడు, "టబ్ సెట్ మొత్తం మార్చాలి సార్, 11,500 అవుతుంది, పాతదానికి అంత పెట్టడం దండగ, కొత్తది తీసుకోండి" అన్నాడు. టబ్ సెట్ అంటే నీళ్లు పట్టే బయటి టబ్బూ, బట్టలు తిరిగే లోపలి డ్రమ్మూ కలిపి. స్క్రూ డ్రైవర్ బ్యాగులోంచి బయటికే రాలేదు. దానికి 550 విజిటింగ్ చార్జి. వెళ్తూ వెళ్తూ ఒక షోరూం కార్డు కూడా ఇచ్చాడు, నాకు ఒళ్లు మండింది కానీ మీ చెల్లెలికి మాత్రం ఆ కార్డు బాగా నచ్చింది.

సరే, చూద్దాం పదమని ఆ సాయంత్రం షోరూంకి పోయాం. 8 కిలోలది 36,990. పాతది ఇస్తే 2,500 తగ్గిస్తాడట. ఆ సేల్స్ కుర్రాడు "జీఎస్టీ తగ్గింది మేడం, ఇప్పుడు కొంటేనే లాభం" అని ఒకటే పాట. నేను ఊరుకోలేక అడిగాను, నాయనా, 2025 సెప్టెంబరులో 28 నుంచి 18 శాతానికి తగ్గింది ఏసీలకి, పెద్ద టీవీలకి, గిన్నెలు తోమే మిషన్లకి కదా, వాషింగ్ మిషన్‌కి 2018 జులైలోనే 18కి దించారు, మరి ఇప్పుడేం తగ్గింది అని. వాడు నవ్వి "ఆఫర్ ఉంది సార్" అన్నాడు. ఇంకోటి, డబ్బా మీద ఇంత లావు అక్షరాలతో 10 సంవత్సరాల వారంటీ అని ఉంటుంది చూడు, అది ఒక్క మోటారుకే. మిగతా మిషన్‌కంతా రెండేళ్లు. మోటారు అంత తొందరగా పోదు మామా, పోయేది డ్రమ్ము తిరగడానికుండే బేరింగూ, దాంట్లోకి నీళ్లు దిగకుండా ఆపే రబ్బరు సీలూ, మిషన్‌ని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డూ. పోని దానికి పదేళ్లు ఇచ్చి పోయేవాటికి రెండేళ్లు ఇస్తాడు, ఆ తెలివికి దండం పెట్టాలి.

పాత సామాన్లు కొనేవాణ్ణి కూడా అడిగాను. వాడు ఇంకా గట్టివాడు. "ఫ్రంట్ లోడ్ అయితే లోపల సిమెంటు దిమ్మలుంటాయి సార్, అవి తీసేసి తూకం వేస్తా" అన్నాడు. నిజమే, స్పిన్‌లో మిషన్ ఎగిరిపోకుండా బరువు కోసం కాంక్రీటు దిమ్మలు బిగిస్తారు. ఇద్దరు మనుషులు పట్టి లేపలేని మిషన్‌లో ఇనుము తీరా చూస్తే ఎంతో లేదు. 900 ఇస్తానన్నాడు.

ఇంట్లో పరిస్థితి చెప్పాలంటే, మీ చెల్లెలు కొత్తది కావాలంటుంది, అమ్మేమో రెండు తొట్లుండే సెమీ ఆటోమేటిక్ తెమ్మంటుంది, మురికి నీళ్లు కళ్లతో చూస్తేగానీ ఆమెకి ఉతికినట్టు ఉండదు. నాకు టాప్ లోడ్ మీద కొంచెం మనసు పోయింది, వంగే పని లేదని. కానీ ఫ్రంట్ లోడ్ 50 లీటర్లలో ముగించే పనికి అది దగ్గర దగ్గర రెట్టింపు తాగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్లో నీళ్ల సంగతి తెలిసి దాన్ని ఎట్లా తెస్తాం?

అట్లా ఊగిసలాడుతుంటే మా ఆఫీసులో ఒకాయన కొర్లగుంటలో ఒక ముసలి మెకానిక్ ఉన్నాడని చెప్పాడు. పేరు బోర్డు కూడా లేని కొట్టు. ఆయన ఇంటికొచ్చి మొదట ఏమీ విప్పలేదు, తలుపు తీసి డ్రమ్ము పై అంచు పట్టుకుని పైకీ కిందికీ ఎత్తి చూశాడు. లోపలి డ్రమ్ము వదులు పన్నులాగా టకటక కదిలింది. "బేరింగ్ పోయినాదప్పా, సీలు పోయి నీళ్లు దాంట్లోకి దిగినాయి. టబ్బు అతికింది కాదు, స్క్రూలది. విప్పొచ్చు" అన్నాడు. ఆ ఒక్క మాటతో నా లెక్కంతా మారిపోయింది. కొన్ని మిషన్లలో వెనకా ముందూ టబ్బు రెండు ముక్కల్నీ కరిగించి అతికేస్తారు, వాటికి 11,500 టబ్ సెట్టే గతి. మాది స్క్రూలతో బిగించింది. ఆ సర్వీసు కుర్రాడు ఈ సంగతి చూడనేలేదు, లేదా చూసి చెప్పలేదు.

కిందటి వారం శనివారం మిద్దె మీద గోనె సంచులు పరిచి విప్పాడు. నేను పక్కనే కూర్చున్నా, రెండున్నర గంటలు. డ్రమ్ము వెనక మూడు కాళ్ల అల్యూమినియం చట్రం ఒకటుంటుంది, స్పైడర్ అంటారు, డ్రమ్ము బరువంతా దాని మీదే. అది చూసి నాకు నోట మాట రాలేదు. తెల్లటి సున్నపు పెచ్చులు, మధ్యలో జిగట జిగటగా సబ్బు, ఒక కాలు సగం తినేసి ఉంది. స్క్రూ డ్రైవర్‌తో గీకితే పొడి పొడిగా రాలింది. "ఇది మిషన్ జబ్బు కాదప్పా, మీ నీళ్ల జబ్బు" అన్నాడాయన. మాది బోరు నీళ్లు. నీళ్ల కాఠిన్యం, అంటే సున్నం లాంటివి ఎంతున్నాయో చూసే కిట్ తెచ్చి పరీక్షిస్తే లీటరుకి 480 మిల్లీగ్రాములు వచ్చింది. తాగే నీళ్లకైతే 200 దాకా మంచిది, వేరే దారి లేకపోతే 600 దాకా పర్వాలేదని బీఐఎస్, అదే భారత ప్రమాణాల సంస్థ వాళ్ల లెక్క. ఆ నీళ్లలో నురగ రాదని మేమేమో పౌడర్ రెండు చెంచాలు ఎక్కువ పోసేవాళ్లం. ఆ ఎక్కువైన పౌడరూ, నీళ్లలో సున్నమూ కలిసి డ్రమ్ము వెనక పేరుకుపోతే సబ్బు క్షారానికి అల్యూమినియం నెమ్మదిగా కరిగిపోతుందట. ఉతకడం అయిపోగానే తలుపు మూసేసే వాళ్లం కూడా, తడి ఆరేది కాదు.

చూడు మామా, అంటే 37 వేలు పోసి కొత్తది తెచ్చి ఇదే బోరు నీళ్లు పట్టిస్తే దాని గతీ ఇంతే. నేనిన్ని రోజులూ ఏ మిషన్ అని కొట్టుకున్నానుగానీ ఏ నీళ్లు అని ఒక్కసారి ఆలోచించలేదు. మీ చెల్లెలికి ఆ స్పైడర్ ముక్క చేతిలో పెట్టి చూపించాక ఆమే "ముందు నీళ్ల సంగతి చూడండి" అంది. నేను గెలిచానని అనుకోకు, రిపేరు పనిచేయకపోతే దసరాకి కొత్తదని ఒప్పందం.

ఖర్చు చెప్తా. బేరింగులు రెండు (6205, 6206 నంబర్లు, బైకు స్పేర్లు అమ్మే కొట్లో కూడా దొరికాయి, మంచి కంపెనీవే తీసుకున్నా), ఆయిల్ సీలు, కలిపి 1,350. స్పైడర్ ఇక్కడ దొరకలేదు, చెన్నై నుంచి బస్సు పార్సిల్‌లో తెప్పించాడు, 2,100. కూలి 1,500. మొత్తం 4,950. స్పైడర్‌తోపాటు బోర్డు కూడా పోయి ఉంటే నేను ఈ పని చేయించేవాణ్ణి కాదు, అది నిజం. బోర్డు ఒక్కటే ఆరేడు వేలంటాడు, అప్పుడు కొత్తదానికే ఓటు.

నీళ్లకి ఇంకో 6 వేలు. కింద సంపులోకి మున్సిపాలిటీ కొళాయి నీళ్లు, అదే తెలుగు గంగ, కల్యాణి డ్యామ్ నీళ్లు, రోజు మార్చి రోజు వస్తాయి కదా, వాటిని తాగడానికీ వంటకీ మాత్రమే వాడేవాళ్లం. ఇప్పుడు మెట్ల గది పైన 500 లీటర్ల చిన్న ట్యాంకు పెట్టించి ఆ నీళ్లు మోటారుతో ఎక్కించి మిషన్‌కి విడిగా పైపు లాగించాను. అంత ఎత్తున ఎందుకంటే ట్యాంకు కింద ఉంటే ఒత్తిడి చాలక మిషన్ నీళ్లు రావడం లేదని ఎర్రర్ చూపిస్తుంది. పది ఉతుకులకి సరిపోతుంది. ప్లంబర్ మాత్రం నాలుగు రోజులు తిప్పుకున్నాడు, వాడి సంగతి ఫోన్లో తిడతా, ఇక్కడొద్దు.

నిన్న సాయంత్రం మొదటి స్పిన్. అందరం వరండాలో నిలబడి చూశాం, మా అమ్మ కూడా. 1200కి ఎక్కింది, సన్నగా జుయ్యిమని, అంతే. "ఆగిపోయిందా ఏంట్రా" అంది అమ్మ. కానీ మామా, నిమిషానికోసారి ఎక్కడో చిన్నగా టిక్‌మంటోంది. మెకానిక్ కొత్త సీలు సర్దుకుంటుందిలే అంటాడు. చూడాలి, ఇంకా నెల రోజులైనా నడిస్తేగానీ నేను గట్టిగా చెప్పలేను.

నువ్వు ఈ ఉత్తరం పక్కన పెట్టి ఒక పని చెయ్యి. మీ మిషన్ తలుపు తీసి లోపలి డ్రమ్ము పై అంచు పట్టుకుని పైకెత్తు. రబ్బరుతో సహా మొత్తం టబ్బు కదిలితే ఏమీ కాదు, స్ప్రింగుల మీద వేలాడుతుంటుంది కాబట్టి. టబ్బు కదలకుండా డ్రమ్ము ఒక్కటే టకటకమంటే నాకు వెంటనే ఫోన్ చెయ్యి, ఆ సర్వీసు కుర్రాణ్ణి పిలవక ముందే. వెనక స్టిక్కర్ మీద మోడల్ నంబరు ఫోటో తీసి పంపించు, టబ్బు స్క్రూలదా అతికిందా ముసలాయన్ని అడిగి చెప్తా.

చెల్లెమ్మని, పిల్లల్ని అడిగానని చెప్పు.

నీ
తిరుపతోడు