పాట వింటే బీపీ తగ్గుతుందా?

సంపాదకుల వారికి నమస్కారం.

ఫలానా రాగం బీపీకి, ఫలానా రాగం షుగర్‌కు అంటూ మందుల చీటీ రాసినట్టు పేపర్లలో, వాట్సాప్‌లో వస్తున్న రాతలు చూసి ఉండబట్టలేక రాస్తున్నాను. ప్రొద్దుటూరులో మా చిన్నమ్మను చూడ్డానికి పోతే బీపీ మాత్రల షీట్ సగం అట్లాగే ఉంది, దాని మీదే సెల్‌ఫోన్, అందులో వీణ పాట. "పొద్దున్నే అరగంట వింటాండా, ఇంక మాత్రలెందుకు పాపా" అనింది. వెంటనే తీసుకుపోయి చూపిస్తే పై అంకె 170 దాటింది.

ఆపరేషన్‌కు ముందు పాటలు వింటే రోగికి భయం కొంత తగ్గుతుందని పరిశోధనలు ఉన్నాయి, దాన్ని నేను కాదనడం లేదు. కానీ టెన్షన్ తగ్గడం వేరు, జబ్బు తగ్గడం వేరు కదా. మా పల్లెల్లో చెక్కభజన ఆడే పెద్దాయనలు ఆ వయసులో కూడా గట్టిగా ఉంటారు. అది పాట వల్లనా, రాత్రి పొద్దుపోయేదాకా చెమటలు కారేలా ఎగిరినందువల్లనా, పదిమందితో కలిసి ఉన్నందువల్లనా, లేక గట్టిగా ఉన్నవాళ్లే భజనకు వస్తారు కాబట్టా? ఇవేవీ విడదీసి చూడకుండా మొత్తం సంగీతం ఖాతాలో వేసేస్తే ఎట్లా?

కడుపులో బిడ్డకు మొజార్ట్ అనే పాశ్చాత్య స్వరకర్త సంగీతం వినిపిస్తే తెలివి పెరుగుతుందనేది ఇంకొకటి. దానికి మూలం 1993లో అమెరికాలో 36 మంది కాలేజీ విద్యార్థులతో చేసిన ప్రయోగం. పది నిమిషాలు విన్నాక మడిచి కత్తిరించిన కాగితాన్ని విప్పితే ఎట్లుంటుందో ఊహించడం లాంటి ప్రశ్నలకు కాస్త మెరుగ్గా జవాబులు చెప్పారు, ఆ ప్రభావం కూడా 10-15 నిమిషాలే నిలిచింది. పసిబిడ్డల ఊసే అందులో లేదు. అయినా 1998లో అక్కడి జార్జియా రాష్ట్ర గవర్నర్ పుట్టిన ప్రతి బిడ్డకూ సీడీ ఇస్తామని బడ్జెట్‌లో డబ్బులు అడిగారు!

పైగా అందరికీ అన్ని పాటలూ మంచి చేయవు. ఊరేగింపు డీజే మోగుతుంటే గుండె జబ్బు మనిషి కిటికీలు మూసుకుని పడే యాతన చూసినవాళ్లకు తెలుస్తుంది. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా మైకులు పెట్టకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లోనే ఉంది, కడపలో పాటించేదెవరు?

మీ ఆరోగ్యం పేజీలో ఇకమీదట ఇలాంటి వ్యాసం వేస్తే, పక్కనే ఒక డాక్టర్ మాట కూడా వేయండి. డాక్టర్‌ను అడగకుండా మాత్రలు ఆపొద్దని పెద్ద అక్షరాల్లో రాయండి, మా చిన్నమ్మ లాంటివాళ్లు కళ్లజోడు లేకుండానే చదువుకునేంత పెద్దగా.

- ఒక పాఠకురాలు, కడప