బోర్డు మీద పాత పేరు కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

వరంగల్ పాత బజార్లలో కొత్త బోర్డు లేచిన ప్రతిసారీ ఏ పేరు పోతుందోనని నాకు టెన్షన్. మండి బజార్, బీట్ బజార్, గిర్మాజీపేట, చార్‌బౌలి, పిన్నవారి వీధి అని పెద్దవాళ్లు ఇంకా అంటున్నారు గానీ, పిల్లలకు అవన్నీ ఫలానా షోరూం గల్లీ, ఫలానా ఏటీఎం పక్క సందు అయిపోయాయి.

ఐర్లండ్‌లో కిల్కెన్నీ అని పాత ఊరుంది. అక్కడ హై స్ట్రీట్ నుంచి మెట్లు దిగి పోయే ఇరుకు సందు పేరు బటర్ స్లిప్. 1616లో కట్టింది, ఒకప్పుడు వెన్న అమ్మేవాళ్లు అందులో దుకాణాలు పెట్టుకునేవారు. వెన్న బేరం ఎప్పుడో పోయింది, పేరు మాత్రం పోనివ్వలేదు. అదే ఊళ్లో ఐరిష్‌టౌన్ ఉంది. నార్మన్లనే విదేశీ పాలకులు వచ్చి గోడ కట్టుకుని తమ ఊరు వేరు చేసుకున్నాక, అక్కడి సొంత జనం విడిగా బతికిన పేట అది, ఆ పేరునూ తుడిచెయ్యలేదు. అలాగని వాళ్లు పేర్లే మార్చలేదని కాదు, రాజధాని డబ్లిన్‌లో బ్రిటిష్ రాజప్రతినిధి పేరున్న శాక్‌విల్ స్ట్రీట్‌ను 1924లో తమ నాయకుడు ఓకానెల్ పేరుతో ఓకానెల్ స్ట్రీట్ చేసుకున్నారు, అది న్యాయమే. కానీ అదే డబ్లిన్‌లో పాత చేపల బజారు ఫిషాంబుల్ స్ట్రీట్ జోలికి పోలేదు. బోర్డుల మీద ఐరిష్‌లోనూ ఇంగ్లిష్‌లోనూ పేరు ఉంటుంది.

మనకూ కావాల్సింది ఇదే. కార్పొరేషన్ వాళ్లకు నా మనవి: రోడ్లకు నాయకుల పేర్లు పెట్టండి, నేను వద్దనను, కానీ పని చేసుకుని బతికిన జనం పెట్టుకున్న పేర్లు తీసెయ్యకండి. కొత్తవాడ అంటే దర్రీలు (నేత తివాచీలు) నేసే మగ్గాలు, ఆ దర్రీలకు 2018లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి ప్రత్యేక సరుకని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) కూడా వచ్చింది, ఆ పేరు పక్కన ఆ సంగతి ఒక్క లైను రాస్తే ఎంత బాగుంటుంది! 1323లో ఢిల్లీ సైన్యం మన కోట గెలిచి ఊరికి సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టింది, అయినా జనం ఓరుగల్లునే నిలబెట్టుకున్నారు. ఇప్పుడు బలవంతంగా మార్చేవాళ్లెవరూ లేరు, మనమే మర్చిపోతున్నాం.

పాత పేరు తెలుగులో, ఉర్దూలో రాయించండి. మట్టెవాడ, ఉర్సు, కరీమాబాద్‌లలో డెబ్బై, ఎనభై ఏళ్ల పెద్దలు ఇంకా ఉన్నారు. పెయింటర్‌ను పిలిచే ముందు వార్డుకు ఇద్దరినైనా కూర్చోబెట్టి, ఏ గల్లీకి ఏ పేరో అడిగి రాసుకోండి.

– ఒక పాఠకుడు, మట్టెవాడ, వరంగల్