మన కాలనీ ఖాళీ జాగా గురించి

అందరికీ నమస్కారం. మన వీధి చివర పిల్లలు క్రికెట్ ఆడుకునే జాగాలో నిన్న పొద్దున జేసీబీ దిగింది. సాయంత్రానికి సెల్లార్ గుంత నిలువెత్తు లోతు. వికెట్లకు పెట్టుకున్న మూడు ఇటుకలు మాత్రం గట్టు మీద అట్లే ఉన్నాయి. వాళ్ల సొంత స్థలం, కట్టుకుంటారు, తప్పు పట్టలేం.

నా బాధ వేరే. మొన్న మా నాన్నతో కొండారెడ్డి బురుజు నుంచి బజారులోకి నడిచా. కాళ్లు లాగుతున్నాయంటే కూర్చోబెట్టడానికి ఒక అరుగు దొరకలేదు. మందుల షాపు మెట్ల మీద కూర్చుంటే లేపేశారు! 2009లో మన ఊరిని ముంచిన వరదను ఏ పార్కూ ఆపేది కాదులెండి. కానీ మామూలు వాన ఇంకడానికైనా కర్నూలు నడిబొడ్డున మట్టి కనబడాలి కదా.

లేఅవుట్ వేసేటప్పుడు 10 శాతం స్థలం పార్కుకు, ఆటలకు వదలాలని రూలు. మన కాలనీలో అలా వదిలింది ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఉంది, ఇప్పుడు కంకర కుప్పల కింద. దాన్నన్నా దక్కించుకుందాం. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో అర్జీ ఇద్దాం. లేఅవుట్ ప్లాన్ జిరాక్స్ ఎవరి దగ్గరుంటే ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. పది గంటలకు టీ కొట్టు దగ్గర కలుద్దాం.

అప్పటిదాకా గుడ్ మార్నింగ్ బొమ్మలు ఆపండి స్వామీ, ఈ మెసేజ్ పైకి పోతుంది.