థ్వైట్స్ దాకా నన్ను పంపిన ఊరికి

హనుమకొండ, వరంగల్, గోదావరిఖని మిత్రులందరికీ నమస్కారం. అంటార్కిటికా నుంచి క్షేమంగా ఇల్లు చేరాను. ఫోన్లకు, సందేశాలకు విడివిడిగా జవాబు చెప్పడం కుదరడం లేదు. అదీకాక, నలుగురూ కలిసి చేసిన సాయానికి నలుగురిలోనే కృతజ్ఞత చెప్పుకోవాలి.

నేను పరిశోధన నౌకలో వెళ్లింది పశ్చిమ అంటార్కిటికాలోని థ్వైట్స్ హిమానీనదం దగ్గరికి. దాని విస్తీర్ణం సుమారు 1,92,000 చదరపు కిలోమీటర్లు, మన తెలంగాణకు ఒకటిన్నర రెట్ల పైమాటే. అముండ్సెన్ సముద్రాన్ని తాకే చోట దాని వెడల్పు దాదాపు 120 కిలోమీటర్లు. ప్రపంచమంతటా ఇప్పుడు పెరుగుతున్న సముద్రమట్టంలో నూటికి నాలుగు పాళ్లు ఈ ఒక్కదాని వల్లే. మొత్తం కరిగిపోతే సముద్రాలు 65 సెంటీమీటర్ల దాకా పెరుగుతాయి. దాన్ని ముఖ్యంగా కరిగిస్తున్నది అడుగునుంచి వచ్చే లోతు నీరు. అక్కడి ఉప్పునీరు మైనస్ 2 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. లోతున ఉన్న నీరు ప్లస్ 1 దాకా ఉంటుంది. మన చేయి ఎక్కువసేపు తట్టుకోలేని ఆ చలినీరే మంచును కింద నుంచి కోసేస్తోంది. పైగా మంచు ఆనుకున్న సముద్రగర్భం ఖండం లోపలికి పోయేకొద్దీ పల్లమవుతుంది. అందుకే వెనక్కి తగ్గడం మొదలైతే ఆగడం కష్టం.

ఇదంతా నాకు నేర్పింది సింగరేణిలో జియాలజిస్టుగా చేసి రిటైరైన మా సార్. కథలు రాసుకునే నాకు భూగర్భశాస్త్రంలో ఓనమాలు కూడా రావు. ప్రతి ఆదివారం నైంనగర్‌లోని వాళ్లింట్లో కూర్చోబెట్టి ఓపికగా చెప్పారు. ఒకరోజు రెండు రాళ్లు తెచ్చి నా చేతిలో పెట్టారు. ఒకటి బొగ్గు పొరల మధ్య దొరికే నల్లటి పలక. దాని మీద నాలుక ఆకారంలో ఆకు ముద్ర, నడిమి ఈనె, వల అల్లినట్టున్న సన్నటి ఈనెలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. దాని పేరు గ్లాసోప్టెరిస్. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగివస్తూ చనిపోయిన స్కాట్ బృందం దగ్గర దొరికిన సుమారు 16 కిలోల రాళ్లలోనూ ఇదే ఆకు ముద్రలున్నాయి. రెండోది పిడికిలంత గులకరాయి. ఒక వైపు చెక్కినట్టు చదునుగా ఉంది, దాని మీద సమాంతరంగా సన్నటి గీతలు. సుమారు 30 కోట్ల ఏళ్ల కిందట మన గోదావరి లోయ మీద కదిలిన మంచు గీసిన గీతలవి. అప్పటికి మనమూ అంటార్కిటికా గోండ్వానా అనే ఒకే భూఖండంలో ఉన్నాం. ఆ మంచు పోయాక పెరిగిన అడవులే మన బొగ్గు.

"ఆ బొగ్గు ఎక్కడుందో వెతికి చూపించడమే నా ఉద్యోగం అమ్మా. అది కాల్చిన పొగ ఏం చేస్తోందో చూసి రా. మొహమాటపడకుండా రాయి" అన్నారు సార్. గని కార్మికుడి కూతురిని నేను. నాన్న జీతంతోనే చదువుకున్నాను. ఆ మాట ఆయన నోటి నుంచి రావడం నాకెంత ధైర్యమిచ్చిందో చెప్పలేను.

దంతవైద్యులు డాక్టరు గారికి నమస్సులు. దగ్గర్లో ఆసుపత్రి ఉండని చోటికి పళ్లు పరీక్షించుకున్న ధ్రువపత్రం లేకుండా ఎక్కనివ్వరు. రోగులందరూ వెళ్లాక రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని, రెండు పళ్లు బాగుచేసి, ఫీజు వద్దన్నారు. బట్టల బజార్‌లో కుట్టుపని చేసే అన్న నా కోటుకు లోపల నోటుపుస్తకం పట్టే జేబు కుట్టారు. లావుపాటి చేతి తొడుగుతో సహా చేయి దూరాలని తొడుగు తెప్పించుకుని మరీ కొలత తీశారు. చలికి బాల్‌పెన్ మొరాయిస్తుందని తెలిసి, పెన్సిల్ కట్టుకోవడానికి జేబు అంచున తాడు కూడా కుట్టి ఇచ్చారు. నా రాతంతా ఆ జేబులోనే భద్రంగా ఇల్లు చేరింది.

పక్కింటి వదినకు ఏమని చెప్పను? నేను లేనన్నాళ్లూ అమ్మకు పూటపూటా షుగర్ ఇంజెక్షన్ ఇచ్చింది. నేను నౌకలో ఉండగానే మేడారం జాతర వచ్చింది. నేను క్షేమంగా రావాలని అమ్మ నిలువెత్తు బంగారం, అంటే నా బరువంత బెల్లం, మొక్కుకుందట. నా వైద్యపరీక్షల కాగితంలో బరువు చూసి, అంత బెల్లం కొని, జనంలో మోసుకెళ్లి సమ్మక్క సారలమ్మల గద్దెల దగ్గర సమర్పించి వచ్చింది వదిన. మొక్కు అమ్మది, మోత వదినది. వదినా, ఈ రుణం తీర్చుకునేది కాదు.

నౌకలోనివారు తెలుగు చదవలేరు, అయినా చెప్పాలి. నన్ను చూసిపోయే అతిథిగా ఉంచలేదు, పని ఇచ్చారు. సముద్రగర్భం నుంచి గొట్టాలతో తీసిన బురద నమూనాల సంచులకు చీటీలు రాయడం నా వంతు. గొట్టాన్ని నిలువునా కోసి, సన్నటి తీగతో బురదను రెండుగా చీలుస్తారు. బూడిదరంగు బురదలో ఆవగింజకన్నా చిన్న గవ్వలుంటాయి. ఒకప్పుడు అక్కడికి ఎలాంటి నీరు వచ్చిందో వాటి రసాయన గుణాలు చెబుతాయి. ఒక రాత్రి షిఫ్టులో అలా చీల్చిన బురదలోంచి ఒక గులకరాయి బయటపడింది. కడిగి చూస్తే ఒక వైపు చదును, దాని మీద గీతలు. అది మంచు మోసుకొచ్చిన రాయని నేనే ముందు చెప్పాను. ఎలా తెలుసని అడిగితే, మా గోదావరి లోయలో చూశానని చెప్పాను. ఆ క్షణంలో సార్‌ను తలచుకోకుండా ఉండలేకపోయాను.

విమాన ఖర్చులకు చందాలిచ్చిన పాఠకులకు, గ్రంథాలయ మిత్రులకు, ముఖ్యంగా గోదావరిఖని నుంచి తమ పేరు చెప్పకుండా పంపిన కార్మిక కుటుంబాలకు చేతులెత్తి నమస్కారం. పేర్లు రాయవద్దని చాలామంది కోరడంతో ఇక్కడ ఎవరి పేరూ రాయలేదు. జమాఖర్చుల లెక్క గ్రంథాలయంలో ఉంచాను, ఎవరైనా చూడవచ్చు. మిగిలిన డబ్బుతో గని ప్రాంతపు ప్రభుత్వ పాఠశాలలకు భూతద్దాలు కొనాలని సార్ సలహా. మీ అభిప్రాయం చెప్పండి. వచ్చే ఆదివారం సాయంత్రం గ్రంథాలయంలో నోటుపుస్తకాల నుంచి కొంత చదువుతాను. పిల్లల్ని కూడా తీసుకురండి. ప్రశ్నలకు జవాబు చెప్పడానికి సార్ కూడా వస్తానన్నారు.